బేరం బటన్

ఆ రోజుల్లో నేనొక కంపెనీని. కంపెనీలో పనిచేసేవాణ్ణి కాదు, కంపెనీయే నేను. వ్యవస్థాపకుడు, కోడు రాసేవాడు, ఐసు పెట్టె మోసేవాడు, కస్టమర్ కేర్, అందరూ ఒకే చొక్కాలో ఉండేవారు. ఎవరైనా ఫిర్యాదు చేయడానికి ఫోన్ చేస్తే "ఒక్క నిమిషం, సంబంధిత అధికారికి కలుపుతున్నాను" అని ముక్కుతో చెప్పి, గొంతు సవరించుకుని, ఆ అధికారిగా మళ్లీ నేనే మాట్లాడేవాణ్ణి. (ఆ అధికారి చాలా మర్యాదస్థుడని పేరు కూడా వచ్చింది.) ఇప్పుడు ఒక పెద్ద కంపెనీలో, పేరు కింద ఒకే ఒక్క హోదాతో, చల్లటి గదిలో కూర్చుంటున్నాను. అయినా ఆ చొక్కా గుర్తొస్తే ప్రాణం అటే లాగుతుంది.

మాది భోగాపురం దగ్గర సముద్రపు ఒడ్డు పల్లె. ఇంజనీరింగ్ చదివి ఉద్యోగానికి పోకుండా ఇంట్లో కూర్చున్న నాకు యాప్ ఆలోచన రావడానికి కారణం మా మేనత్త. ఊరంతా గంపత్త అనేవారు. పొద్దున్నే పడవల దగ్గర చేపలు కొని, గంప నెత్తిన పెట్టుకుని, బస్సెక్కి విజయనగరం వెళ్లి వీధి వీధీ తిరిగి అమ్మేది. ఆ ఏడాది బస్సు దిగుతూ పడి మెడ పట్టేసింది. పిలిస్తే తల తిప్పలేక ఒళ్లంతా తిప్పి చూసేది. అది చూడలేక ఒకరోజు మాట ఇచ్చేశాను. "అత్తా, యాప్ ఒకటి చేస్తన్నాను. టౌనువాళ్లు ఫోన్లోనే చేపలు కొంటారు. నీ నెత్తిమీద గంప దించేస్తాను."

అత్త ఒళ్లంతా తిప్పి నన్ను చూసింది. "గంప సంగతి తరవాత సూద్దుము గానీ అల్లుడా, ముందా గెడ్డం గీసుకో. పడవలోల్లు జడుసుకుంటన్నారు."

గెడ్డం గీసుకోలేదు గానీ యాప్ మాత్రం చేశాను. వంజరానికీ సందువకీ కానాగంతలకీ అత్త చెప్పిన రేట్లు చెప్పినట్టే ఎక్కించాను. వారం రోజులు ఒక్క ఆర్డరూ లేదు. ఎనిమిదో రోజు ఒకటి వచ్చింది, విజయనగరం కోట దగ్గరుండే టీచరమ్మ గారి నుంచి. ఏళ్ల తరబడి అత్త దగ్గరే చేపలు కొనే మనిషి. నేనే వెళ్లి సంచీ అందించాను. అరగంటలో కస్టమర్ కేర్‌కి (అంటే నా జేబుకి) ఫోను.

"బాబూ, ఈ రేట్లు మీ అత్త చెప్పినవేనా?"

"అవునండీ."

"అవి మొదటి మాట రేట్లు నాయనా. మొదటి మాటని ఎవరైనా ఫోన్లోకి ఎక్కిస్తారా? అది పైకి చెప్తాది, నేను కిందికి అడుగుతాను. అది నాలుగు తిడతాది, నేను రెండు తిడతాను. అప్పుడు కదా చేప ఇంట్లోకి వస్తాది. నోరు మెదపకుండా కొంటే పులుసుకి రుచే లేదు."

అత్తనడిగితే ఆవిడ నన్నే వింతగా చూసింది. "మొదటి మాటకే ఎవులైనా అసలు రేటు సెప్తారేటిరా? నాలుగేళ్లు ఏటి సదివినావు మరి?"

అలా పుట్టింది బేరం బటన్. ధర పక్కన చిన్న ఆకుపచ్చ బటన్. ఒకసారి నొక్కితే ధర కొంచెం దిగుతుంది, రెండోసారి ఇంకొంచెం, మూడోసారితో ఖాయం. గర్వంగా అత్తకి చూపించాను. ఆవిడ మూడుసార్లు నొక్కి ఫోన్ నా చేతిలో పెట్టేసింది. "నోరు మూసుకుని దిగిపోతన్నాదేటిది? సిగ్గు నేదా దీనికి?"

కాబట్టి బటన్‌కి నోరు పెట్టాలి. బోర్లించిన పడవ వెనక కూర్చుని అత్త గొంతు రికార్డు చేయబోతే ఆవిడకి మాట పెగల్లేదు. చేతిలో చేప, ఎదురుగా కొనే మనిషి లేకుండా తిట్టడం చేతకాదట. చివరికి నేనే టౌను మనిషినై, సందువని వేలితో నొక్కి, మూతి విరిచి, సగం ధరకి అడిగాను. ఇక చూడండి. మొదటి నొక్కుకి, "ఆ రేటుకి సేప కాదు, సేప కడిగిన నీళ్లిస్తాను, గిన్నె అట్టుకురా." రెండో నొక్కుకి, "సముద్రం మా తాత తవ్వించినాడనుకున్నావేటి? పేనాలొడ్డి తెస్తే వస్తాది." మూడోదానికి గొంతు తగ్గించి, "సర్లే, అట్టుకుపో. తినేటప్పుడు నన్ను తలుసుకో." వెనక కెరటాల హోరు కూడా పడింది. దాన్ని తీసేయడం నాకు చేతకాలేదు. (అది కావాలనే పెట్టానని తర్వాత అందరికీ చెప్పుకున్నాను.)

నెల తిరిగేసరికి యాప్ ఎక్కడెక్కడికో పాకిపోయింది. ఆర్డర్లు మాత్రం రోజుకి నాలుగో అయిదో. జనం చేపలు కొనడం లేదు, తిట్టించుకుంటున్నారు. హాస్టలు కుర్రాళ్లు వంతులేసుకుని నొక్కుతున్నారు. "చేపలొద్దు, ఇంకో రెండు తిట్లు పెట్టండి" అని రివ్యూలు. శ్రీకాకుళం నుంచి ఓడ పనికి పోయిన ఒకతను, "మా అమ్మ ఇలాగే తిడతాది. డ్యూటీ దిగాక రోజూ ఒకసారి నొక్కుకుంటన్నాను" అని రాశాడు. అతనిచ్చిన అయిదు నక్షత్రాలు చూసుకుని మురిసిపోయానే గానీ, ఆ మాట ఎందుకు రాశాడో ఆలోచించలేదు. ఆ వయసులో ఆలోచించం.

అప్పుడే పెట్టుబడి పెడతానని పట్నం నుంచి ఒకాయన వీడియో కాల్ చేశాడు. చేపలు తీసేయాలి, తిట్లు మాత్రమే ఉంచాలి, రోజుకో కొత్త తిట్టు రావాలి, అత్తకి నెలనెలా జీతం. గంప దిగే దారి దొరికిందని నేను ఇసకలో పరిగెత్తాను. అత్త నెత్తళ్ల చేపలు ఆరబెడుతోంది.

"సేపలొగ్గీసి వట్టి తిట్లు అమ్మమంతాడేటి?"

"జీతమిస్తాడత్తా. ఇంక గంప మొయ్యక్కర్లేదు."

అత్త చేతులు దులుపుకుంది. "నా సేప కొనేవోలినే తిడతాన్రా నాను. రేపు మళ్లీ వస్తారని తిడతాను. మొకం తెలీనోలు నాకేటవుతారని తిట్టాల?"

నాకు ఒళ్లు మండింది. "అయితే ఆ గంప కిందే ఉండు" అనేశాను. అత్త మళ్లీ నెత్తళ్ల మీదికి వంగింది. నన్ను తిట్టకుండా ఊరుకోవడం అదే మొదలు. మర్నాడు మామూలుగా గంపెత్తుకుని బస్సెక్కింది. పెట్టుబడాయనకి కుదరదని చెప్పాను. ఆర్డర్లు పెరగలేదు, నాకు ఓపిక తరిగింది. ఏడాది తిరక్కుండా ఉద్యోగం చూసుకుని ఊరు దాటేశాను. గంప దించుతానని మాట ఇచ్చి దాన్ని ఆవిడ నెత్తినే వదిలేసి పోయానన్న సిగ్గుతో చాన్నాళ్లు అత్త ఎదుట పడలేదు. యాప్ దానంతటదే స్టోరులోంచి పోయింది. అత్త రికార్డింగులు ఇంకా నా దగ్గరున్నాయి. నొక్కితే తిడతాయి. కానీ ఎవరు నొక్కినా తిడతాయి.

పోయిన నెల కారులో ఊరికి వెళ్లాను. విమానాశ్రయం వైపు వేసిన కొత్త రోడ్డు పక్కన అత్తకి సొంత దుకాణం. గంప దిగింది, నా ప్రమేయమేమీ లేకుండానే. సిమెంటు అరుగు, తూకం యంత్రం, ఫోన్‌తో డబ్బు కట్టే అట్టముక్క, పైన రేట్ల బోర్డు. కార్లలో వచ్చేవాళ్లు బోర్డు చూసి, మాట్లాడకుండా తీసుకుపోతున్నారు. పిలిచాను. ఒళ్లంతా తిప్పి చూసింది. మెడ అలాగే ఉంది.

సందువని వేలితో నొక్కాను. మూతి విరిచాను. "సగానికి ఇస్తావేటి అత్తా?" అని అడిగి, చెవులు రిక్కించి నిలబడ్డాను.

అత్త చేపల్ని సంచిలో వేసి, పైన ఇంకొకటి వేసి, చేతికిచ్చింది. "తీసుకెల్లు బాబూ. నీ కాడ బేరమేటి?"

ఆవిడ నన్ను అల్లుడా అనడం మాని బాబూ అనడం ఎప్పటి నుంచో నాకు తెలియదు. డబ్బులిస్తే పుచ్చుకోలేదు. కారులో కూర్చున్నాక ఫిర్యాదు చేయాలనిపించింది, మర్యాద ఎక్కువైందని. కస్టమర్ కేర్ నంబరు నాకు నోటికి వచ్చు. ఇప్పటికీ అది నా జేబులోనే మోగుతుంది.