నిండా నీళ్లు పోసినా తేలాలి

కోరుట్లలో ఎవరింటికైనా గల్ఫ్ నుంచి కార్గో పెట్టె వచ్చిందంటే అందులో నుంచి దుప్పట్లు, సబ్బులు, పాలపొడి డబ్బాలు దిగుతాయి. మా బామ్మర్ది పంపిన పెట్టెలో నుంచి పడవ మోటారు దిగింది. చిన్నది, పాతది, ఒక పక్క రంగు లేచిపోయి ఉంది. మా ఆవిడ దాని చుట్టూ ఒకసారి తిరిగింది.

"దుప్పటి పంపురా అంటే ఇనుప ముక్క పంపిండు మా తమ్ముడు. ఏడ పెట్టాలె దీన్ని, నెత్తి మీదనా?"

బామ్మర్ది అక్కడ పందెం పడవలు కట్టేసే రేవులో పనిచేసేవాడు. కడగడం, తుడవడం, తాళ్లు బిగించడం. అన్నేళ్లు కడిగినా, ఒక్కసారి కూర్చోమని అన్నవాడు లేడు. సెలవు మీద ఇంటికి వచ్చిన కొత్తలోనే, సిరిసిల్ల అవతల డ్యాంలో చిన్న మోటారు పడవల పోటీ పెడుతున్నారని విన్నాడు. మళ్లీ విమానం ఎక్కేలోపే ఆ పోటీ.

"ఒక్కపారి కూసుంట బావా," అన్నాడు. "గెలుసుడు గిలుసుడు ఏమద్దు. నా కింద మోటరు మోగాలె, నేను పోవాలె. గంతే."

నాకు ఫర్నిచర్ షాపు ఉంది. తలుపులు, మంచాలు, బీరువాలు చేయిస్తాను, చేస్తాను. పడవ ఎందుకు చేయలేను అనుకున్నాను. ప్లైవుడ్ తెచ్చి పని మొదలుపెట్టిన రోజే బజారులో ఒక పెద్దమనిషి నలుగురి ముందు, "తాగటానికే నీళ్లు లెవ్వు, ఈయన పడవ చేస్తండట," అని నవ్వాడు. ఆయన ఆ మాట ఎప్పుడో మరిచిపోయి ఉంటాడు. తర్వాత ఆయన ఇంటికి తలుపులు చేసినప్పుడు, కొలతలు తీసుకుంటున్నంతసేపూ నాకు గుర్తుంది.

పోటీకి నియమాలు చాలా ఉన్నాయి గానీ, నన్ను పట్టుకున్నది ఒక్కటే. పడవ నిండా నీళ్లు పోయాలి. మోటారు ఉండగా, మనిషి కూర్చుని ఉండగా పోయాలి. అయినా మునగకూడదు. తేలే సామాను ఏది పెట్టినా అది పడవలోనే కదలకుండా బిగించి ఉండాలి. నీళ్లు లోపలికి రాకుండా చూడటమే పడవ పని అని నేను అప్పటిదాకా అనుకున్నాను. నీళ్లు వచ్చేశాయి అనుకో, అప్పుడేమిటి అని ఈ నియమం అడుగుతోంది. తలుపు చేసేవాణ్ణి ఎవరూ అట్లా అడగరు. దొంగ లోపలికి వచ్చాక కూడా తలుపు పనిచేయాలని ఎవరంటారు? ఆ ఆలోచనే నాకు కొత్తగా, వింతగా అనిపించింది. పైగా మా బామ్మర్దికి ఈత రాదు. నాకు ఆ నియమం అతని కోసమే రాసినట్టుంది.

అవి తెలంగాణ కొట్లాట రోజులు. సమ్మె నడుస్తోంది. బస్సులు డిపోల్లోనే ఉన్నాయి. రోడ్డు మీదే వంటలు, రోడ్డు మీదే భోజనాలు. మా బజారులో దీక్షా శిబిరం ఉండేది. దానికి టేబుళ్లు, కుర్చీలు నేనే ఇచ్చాను. వేదిక వెనక పెద్ద పెద్ద థర్మాకోల్ అక్షరాలతో 'జై తెలంగాణ' అని పెట్టారు. వానకు తడిసి ఒకటి రెండు విరిగితే, వాటి స్థానంలో ఫ్లెక్సీ కట్టి, ఆ అక్షరాలు నా షాపులో పడేశారు. థర్మాకోల్ నీళ్లలో తేలుతుందని ఎవరికి తెలియదు? పడవలో సీటు కింద అరలాగా చేసి, ఆ అక్షరాలన్నీ కుక్కి, పైన పలక బిగించాను.

పోటీకి ముందు పడవల తనిఖీ జగిత్యాల దగ్గర ఒక చెరువు గట్టున. ట్రాలీ ఆటోలో పడవ కట్టుకుని పోయాం. ఊరూరా రాస్తారోకో. ఒకచోట రోడ్డు మీద కూర్చున్న ఆయన పడవను చూసి లేచాడు.

"ఏందే ఇది? నీళ్ల కోసం ఇంకా కొట్లాడుతనే ఉన్నం, పడవ ముందుగాల్నే తయారైందా?"

"వచ్చినంక దొరకయి కాకా, ఇప్పుడే చేపిచ్చుకున్నం," అన్నాడు బామ్మర్ది. అందరూ నవ్వి దారిచ్చారు.

తనిఖీకి వచ్చినాయన మాటను బట్టి సముద్రం వైపు మనిషి. టోపీ పెట్టుకుని, పడవను ఆ చివరి నుంచి ఈ చివరికి వేళ్లతో కొట్టుకుంటూ వచ్చాడు.

"బీరువాకి మోటారు పెట్టారేంటండీ?"

బజారు పెద్దమనిషి మాట దాచుకున్నట్టే ఈ మాటా దాచుకున్నాను.

సీటు కింద పలక తీయమన్నాడు. తీశాం. చేయి పెట్టి ఒక అక్షరం లాగాడు. 'తె'. ఇంకొకటి లాగాడు. 'లం'. దాని అంచును గోటితో గీరి, వేలు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత తల అడ్డంగా ఊపాడు.

"ఇది పనికిరాదండీ. మొత్తం తీసేయండి. పోటీ రోజు పొద్దున్న మళ్లీ చూస్తాను."

చుట్టూ ఉన్నవాళ్లకు అక్షరాలు కనబడ్డాయి. ఆయన మాట వినబడింది. ఇంకేం కావాలి? "జై తెలంగాణ!" అని ఒకరు అందుకుంటే గట్టు గట్టంతా అందుకుంది. నేనూ అందుకున్నాను. ఆయన పెదవులు కదులుతూనే ఉన్నాయి, ఏదో చెప్తున్నాడు. చేత్తో మోటారు వైపు చూపించాడు. ఒక్క ముక్క వినబడలేదు. చివరికి విసుగ్గా చేయి విదిలించి పక్క పడవ దగ్గరికి పోయాడు.

తిరుగుదారిలో నేను నోరు మూయలేదు. "రాత చూసి వద్దన్నడు. మన పేరు పడవల గూడ ఉండొద్దట. నేను పైదాక దరఖాస్తు పెడుత."

బామ్మర్ది అన్నాడు. "గది సరే బావా. వాసనెందుకు చూసిండు?"

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. కోపం కోపంగానే ఉంది. దాని పక్కనే ఇదీ వచ్చి కూర్చుంది. రాత మీద కోపం ఉన్నవాడు రాతను చూస్తాడు, విసిరేస్తాడు. వాసన ఎందుకు చూస్తాడు?

షాపుకు వచ్చి అక్షరాలన్నీ నేల మీద పరిచాను. 'జై' బాగానే ఉంది. 'గా' బాగానే ఉంది. 'లం' కింది అంచు మాత్రం ఎవరో కొరికినట్టుంది. ఎలుక అనుకున్నాను. ఎలుక కొరికితే కింద తెల్ల పొట్టు రాలాలి. పొట్టు లేదు. ముట్టుకుంటే వేలికి జిగటగా అంటింది. నేనూ వాసన చూశాను. పెట్రోలు.

పడవలోకి తల పెట్టి చూస్తే, ఆ అక్షరం ఉన్నచోటికి సరిగ్గా పైన పెట్రోలు పైపు అతుకు. ఒక్కో చుక్క కారుతోంది.

వంటింట్లో నుంచి స్టీలు గ్లాసు తెచ్చి, రెండు చెంచాల పెట్రోలు పోసి, థర్మాకోల్ ముక్క ఒకటి వేశాను. బుస్సుమని చిన్న చప్పుడు. ముక్క కుంగిపోయింది, కరిగిపోయింది. ఇంకొకటి వేశాను. అదీ అంతే. అరచేయంత థర్మాకోల్ ఆ గ్లాసులోకి పోయి, చివరికి అడుగున చెంచాడు గోందు మిగిలింది.

"ఓ బావా, ఇంకోటెయ్యి!" అన్నాడు బామ్మర్ది. ఇద్దరం నేల మీద బోర్లా పడుకుని అదే పనిగా వేశాం.

మా ఆవిడ వచ్చింది. "సుట్టాలకు చాయ పోసే గిలాసల ఏంబోసినవ్?"

"పెట్రోలు. నీ తమ్మునికి ఈత రాదు. గిదంత కరిగిపోతె కింద ఏం ఉంటదో చూస్తున్న."

ఆమె గ్లాసులోకి చూసింది, తమ్ముడి వైపు చూసింది. గ్లాసు సంగతి మళ్లీ ఎత్తలేదు.

ఇక దొరికిందల్లా పెట్రోల్లో ముంచడం, నీళ్లలో ముంచడం. పరుపు స్పాంజి పెట్రోలుకు కరగలేదు గానీ నీళ్లు తాగి బరువెక్కి కిందికి పోయింది. ఎండిన సొరకాయ బుర్ర బ్రహ్మాండంగా తేలింది, బిగించబోతే పగిలింది. హవాయి చెప్పు ముక్క రెండింటికీ నిలిచింది. మరి పడవకు సరిపడా చెప్పులు ఎవరిస్తారు? అప్పుడు మా ఆవిడ, టీవీలకు చుట్టి వచ్చే మెత్తటి తెల్ల షీటు ముక్క ఒకటి తెచ్చి గ్లాసులో వేసింది. గల్ఫ్ పెట్టెలు విప్పిన ప్రతి ఇంట్లో ఆ షీటు మిగులుతుంది. మా వాడకట్టులో బీడీలు చేసే ఆడవాళ్లు దాన్ని మడతలు పెట్టి కింద వేసుకుని కూర్చుంటారు. తెల్లారి చూస్తే ముక్క వేసినట్టే ఉంది. బకెట్లో నానబెట్టిన ఇంకో ముక్కను పిండితే నీళ్లు రాలేదు.

ఆమె సాయంత్రానికి రెండు చేతులా మోసుకొచ్చింది. "అందరి కిందియి గుంజుకొచ్చిన. వాళ్లంత ఇప్పుడు బండల మీద కూసున్నరు. నా తమ్ముడు మునిగిండో, నాతోని పాటు నిన్ను గూడ వాడకట్టులకు రానియ్యరు."

అతుకు మార్చాను. షీట్లు పొరలు పొరలుగా పేర్చి, మందపాటి గుడ్డ పట్టీలతో కదలకుండా బిగించాను.

పోటీ రోజు సిరిసిల్ల దాటుతుంటే మరమగ్గాల చప్పుడు లేదు. కరెంటు లేదు. అక్కడ సాంచెలు అంటారు వాటిని. సాంచెలు ఆగితే నేసేవాళ్లు ఇంట్లో ఏం చేస్తారు, అందరూ డ్యాం గట్టు మీదే ఉన్నారు.

అదే టోపీ ఆయన. ఈసారి పలక తీయించి, గోటితో గీరి, ఏమీ అనకుండా బకెట్లు తెమ్మన్నాడు. బామ్మర్ది తేలే జాకెట్టు తొడుక్కుని కూర్చుని, రెండు అంచులూ గట్టిగా పట్టుకున్నాడు. నీళ్లు పోశారు. మడమలు మునిగాయి. పోశారు. పిక్కలు మునిగాయి. పడవ దిగుతోంది. మా ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది. నడుము దాకా నీళ్లు వచ్చాక, అంచు నీటి మట్టానికి వచ్చి ఆగింది. టోపీ ఆయన ఒక పక్క చేత్తో నొక్కాడు. ఒరిగింది. వదిలాడు. లేచింది.

"అయిందండీ. వెళ్లొచ్చు."

నేను వదల్లేదు. "పెట్రోలుకు కరుగుతదని ఆ రోజే చెప్తే ఏమైతుండె సార్?"

"చెప్తూనే ఉన్నానండీ. మీరంతా అరుస్తున్నారు కదా."

"అరుసుడు అయిపోయినంక చెప్పచ్చు."

"అయిపోలేదు కదండీ."

మరి బీరువా అన్న మాట సంగతేమిటని అడిగాను. నవ్వి పోయాడు.

పోటీలో మా వాడి మోటారు సగం దూరం మోగింది. అప్పటికే అందరికన్నా వెనక. ఆ మోగినంతసేపూ బామ్మర్ది వీపు నిటారుగా ఉండటం గట్టు మీద నుంచి కనిపించింది. తర్వాత దగ్గింది, ఆగింది. తిరిగి వస్తున్న పడవలు పక్క నుంచి దూసుకుపోతే అలలు లేచి లోపల పడ్డాయి. పడవ నిండింది. దిగింది. నిలిచింది. బామ్మర్ది నడుము దాకా నీళ్లలో, డ్యాం నడిమధ్య కూర్చుని మా వైపు చేయి ఊపాడు. ఒడ్డుకు చేర్చే పడవ దగ్గరికి పోతే, ఎక్కడం లేదు. ఏదో చెప్తున్నాడు. ఇంకా కొంచెంసేపు ఉంటానన్నాడని తర్వాత తెలిసింది.

అప్పుడే మైకులో, "కోరుట్ల పడవ మునిగిపోయింది," అన్నారు.

నేను మైకు డేరా దగ్గరికి పోయాను. "మునగలే. ఆగింది."

"రెండూ ఒకటే కదన్నా," అన్నాడు మైకు పట్టుకున్నతను.

"ఎట్ల ఒకటైతది? మనిషి కూసోనే ఉన్నడు, సూడు."

తర్వాతి పందెం చెప్పాలన్నాడు, పక్కకు జరగమన్నాడు. జరగలేదు. చివరికి, "కోరుట్ల పడవ మునగలేదు, ఆగింది," అని మైకులో చదివాడు. 'మునగలేదు' అన్న ముక్క ఇంకోసారి చదివించాను.

నీళ్ల దగ్గరికి వచ్చేసరికి బామ్మర్ది గట్టు మీద ఉన్నాడు. వాళ్లక్క కొంగుతో అతని తల తుడుస్తోంది.

"ఏడ పోయినవ్ బావా? వచ్చేటప్పుడు మళ్ల చేయి ఊపిన గద నీకు."