పొద్దున్నే మొరాయించే పూలబండి

అది 2023. వానలు వెనకపట్టి, బతుకమ్మ పండుగ దగ్గరపడుతున్న రోజులు. సిద్దిపేటలో మెదక్ రోడ్డు మీద నాకో వర్క్‌షాపు ఉంది. డీజిల్ బండ్లు మాత్రమే చూస్తాను. నాకు నోరు పెద్దదని మా ఆవిడ అంటుంది. రోజంతా ఇంజన్లు చెవి పక్కన మొత్తుకుంటుంటే గుసగుసలాడితే ఎవరికి వినపడుతుంది చెప్పండి!

ఆ రోజు నారాయణరావుపేట నుంచి యాదగిరి అనే పూలరైతు తన పికప్ తీసుకొచ్చాడు. దుబాయ్‌లో చాలా ఏళ్లు పనిచేసి వచ్చి, ఈ పాత డీజిల్ పికప్ కొన్నాడు. సొంత చేనులోని బంతిపూలతో పాటు ఊళ్లోవాళ్ల పూలు కూడా వేసుకుని తెల్లారేసరికి సిద్దిపేట మార్కెట్‌కు చేరాలి. ఎండ ఎక్కితే పూలు వాడిపోతాయి, అడిగేవాడు ఉండడు.

"అన్నా, పొద్దుగాల స్టార్ట్ గాదు. ఎంత సెల్ఫ్ గొట్టినా కుయ్ కుయ్ అంటది గని అందుకోదు. నలుగురం కలిసి నూకాలె. ఒక్కపారి అందుకున్నదంటె ఇగ దినమంత బంగారం లెక్క నడుస్తది" అన్నాడు.

సెల్ఫ్ అంటే తాళం తిప్పగానే ఇంజన్‌ను కదిలించే మోటారు. నేను వెళ్లి తాళం తిప్పాను. బండి ఠక్కున స్టార్టయింది.

"ఏందిరా, నాతోని పరాచికాలా?" అన్నాను.

"గదే అన్నా నా కర్మ! ఇంట్ల లొల్లి వెట్టి, అత్తగారింటికి పోతె సక్కగ కూసునే అల్లుని లెక్క, ఏ మెకానిక్ కాడికి తెచ్చినా గిట్లనే చేస్తది."

అప్పటికే ఇద్దరు మెకానిక్‌లు చూశారట. ఒకరు బ్యాటరీ మార్చారు, ఇంకొకరు హీటర్ ప్లగ్గులు మార్చారు. హీటర్ ప్లగ్గులంటే పొద్దున చల్లగా ఉన్న ఇంజన్‌ను లోపల వేడిచేసే చిన్న కడ్డీలు. నేను డీజిల్ ఫిల్టర్ మార్చి, వదులుగా ఉన్న ఎర్త్ వైరు బిగించి, ఇక దీనికి తిరుగులేదు పొమ్మన్నాను. మరునాడు ఇంకా తెల్లారకముందే ఫోను. బండి మళ్లీ మొరాయించింది. నాకు ఒళ్లు మండిపోయింది.

మధ్యాహ్నం యాదగిరి మళ్లీ వచ్చాడు. ఈసారి గొంతులో నిన్నటి హుషారు లేదు.

"మా అవ్వ ఈ బండి మనకు అచ్చిరాలేదంటుందన్నా. బతుకమ్మ మొదలయ్యే పెత్రమాస లోపల అమ్మేయమని ఒకటే పోరు. కొంటనని దుబ్బాక నుంచి ఒకాయన చూసిపోయిండు గూడ. బండి పోతె నాకు మార్కెట్ పోతది. మల్ల దుబాయ్ పోవుడే. ఏజెంటుతోని మాట్లాడిన. అవ్వకు చెప్పలే. నేను వచ్చిన కొత్తల నా బిడ్డ నన్ను చూసి తలుపు సాటుకు దాసుకున్నదన్నా. ఇప్పుడిప్పుడే బాపు అని మీదికెక్కుతుంది."

ఇక నా వల్ల కాలేదు. "రేపు పొద్దుగాల నేనే వస్త. నేను వచ్చేదాక తాళం ముట్టకు" అన్నాను. పగలు కనపడని రోగాన్ని అది వచ్చే వేళకు, అది ఉండే ఇంటికి పోయి చూడటమే దారి.

మసకచీకట్లో నా స్కూటర్ మీద నారాయణరావుపేట చేరాను. వాకిట్లో బంతిపూల సంచులు సిద్ధంగా ఉన్నాయి. యాదగిరి తల్లి మల్లవ్వ చీపురు పట్టుకునే ఎదురొచ్చింది.

"నువ్వేనా ఆ పెద్ద మెకానిక్? మొన్న బాగు చేసినవట గదా, గిదేనా బాగు? పీడ వోతది, అమ్మేయమంటె ఇనడు వీడు!"

నా నోటికి తగిన నోరు దొరికింది. గబగబా వెళ్లి బానెట్ ఎత్తాను.

తాళం తిప్పితే సెల్ఫ్ తిరుగుతోంది గాని బండి అందుకోవడం లేదు. అప్పుడు హ్యాండ్ పంపు నొక్కాను. డీజిల్‌ను చేత్తో ముందుకు తోయడానికి పైపు మధ్యలో ఉండే రబ్బరు బుడ్డి అది. మామూలుగా గట్టిగా ఉండాలి, ఇది మెత్తగా లోపలికి పోతోంది. అంటే పైపులో డీజిల్ లేదు. ఎక్కడో చిల్లు ఉంది. ఇంజన్ డీజిల్‌ను పీల్చుకుంటుంది కాబట్టి సూదిమొనంత చిల్లున్నా బయటికి చుక్క కారదు, లోపలికి గాలి పోతుంది. బండి రాత్రంతా ఆగితే పైపులోని డీజిల్ మెల్లగా ట్యాంకుకే తిరిగిపోతుంది. పగలైతే అంతసేపు ఆగదు కాబట్టి బుద్ధిగా స్టార్టవుతుంది.

బుడ్డిని నొక్కుతూనే ఉన్నాను. అది గట్టిపడింది. ఇప్పుడు లోపలి నుంచి ఒత్తిడి ఉంది, చిల్లు ఎక్కడున్నా డీజిల్ బయటికి రావాలి. టార్చి వేసి పైపు పొడవునా చూస్తే, ఒక్క చోట తడి మెరిసింది. సరిగ్గా అక్కడే ఒక దిష్టి మూట వేలాడుతోంది. నిమ్మకాయ, మిరపకాయలు, వాటి పైన రబ్బరు పైపుకు చుట్టలు చుట్టలుగా సన్నటి ఇనుప బైండింగ్ వైరు.

ఆ మూటను నేను వర్క్‌షాపులోనూ చూశాను. నా కంటే ముందు చూసిన ఇద్దరూ చూసే ఉంటారు. కానీ ఒకరు కట్టిన దిష్టిని ముట్టుకుని ఆ పీడను మన నెత్తికి ఎవడు తెచ్చుకుంటాడు? ముగ్గురం దాన్ని తప్పించుకుని చుట్టూతా అన్నీ మార్చాం.

"ఇది ఎవరు గట్టిన్రు?" అన్నాను.

"నేనే. ఏం, దిష్టి గట్టద్దా?" అంది మల్లవ్వ. "ముంగట గడితె మేకలు పీక్కతింటున్నయ్. అందుకె లోపల గట్టిన. లోపల దారం మాడిపోతదని వైరుతోని గట్టిన."

"మరి గిన్ని చుట్లెందుకే?"

"స్టార్ట్ గానప్పుడల్ల ఇంకోటి గట్టిన."

"అప్పటికీ గాకపోతె?"

"ఇంకింత గట్టిగ గట్టిన!"

నాకు నవ్వు తన్నుకొస్తోంది, ఆపుకున్నాను. మూటను తీయబోతే ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "ఆగు బిడ్డా, కట్టినోళ్లే తియ్యాలె." చీపురు పక్కన పెట్టి, ఒక్కో చుట్టు విప్పింది. అడుగున రబ్బరు మీద వైరు కోసుకుపోయిన గాడి, ఆ గాడిలో సన్నటి చీలిక. చూపించి, ఏం జరిగిందో చెప్పాను.

మల్లవ్వ ముఖం చిన్నబోయింది. "అంటె, నేనేనా? నా కొడుకు నోట్ల నేనే మన్ను గొట్టిన్నా?"

"లేదే అవ్వా. దిష్టి తప్పు గాదు, కట్టిన జాగ తప్పు" అన్నాను.

యాదగిరి అప్పటికే నేల మీద కూలబడి పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. నవ్వుతూనే నోరు జారాడు. "నీకు దండం వెడుత అవ్వా! నేను ఏజెంటుకు గూడ చెప్పిన, మల్ల దుబాయ్ పోత అని!"

"దుబాయా?" ఆవిడ వాడి వీపు మీద ఒక్కటి చరిచింది. "నా చేతులతోనే నిన్ను ఎల్లగొట్టెటిదాన్ని గదరా!" అని వాడి తల పొట్టకు అదుముకుంది. తల్లీ కొడుకుల కళ్లు తడిసిపోయాయి. నా కళ్లూ అంతే, దాచుకోవడమెందుకు!

ఆ పూటకు చేత్తో పంపు కొట్టి బండిని మార్కెట్‌కు పంపాను. మధ్యాహ్నం కొత్త పైపు వేసి, కొత్త క్లిప్పులు బిగించాను. కానీ ఈ రోగం నయమైందో లేదో తెలియాలంటే మరోసారి తెల్లారాలి. మరునాడు చాయ్ కూడా తాగకుండా ఫోను పట్టుకుని కూర్చున్నాను. మోగింది. ముందు ఇంజన్ చప్పుడు, తర్వాత యాదగిరి కేక.

"అందుకున్నదన్నా! ఒక్క సెల్ఫ్‌కే!"

వెనక నుంచి మల్లవ్వ గొంతు. "దుబ్బాకాయనకు బండి అమ్మెటిది గాదని చెప్పు. ఎవరి బండి వాళ్లకు ముద్దు!"

ఆ తర్వాత నా పద్ధతి మారింది. ఇదివరకు బండికి ఏమైందని మాత్రమే అడిగేవాణ్ని. ఇప్పుడు దాన్ని బాగా చూసుకోవడానికి ఏమేం చేశారని కూడా అడుగుతున్నాను. చెడగొట్టిన సంగతి ఎవరైనా ఒప్పుకుంటారు, ప్రేమతో చేసిన పని మాత్రం అడిగితే తప్ప ఎవరూ చెప్పరు. దిష్టి మూటలు కూడా ముట్టుకుంటున్నాను, కాకపోతే విప్పేది కట్టినవాళ్లే.

పెత్రమాస నాడు యాదగిరి మా ఇంటికి ఓ సంచెడు బంతిపూలు తెచ్చాడు. బండి ముందు సీట్లో కూతురు కూర్చుని ఉంది.

"ఏజెంటుకు ఏం చెప్పినవ్?" అని అడిగాను.

"ఏం చెప్పాలన్నా! అవ్వ నా పాస్‌పోర్ట్ దాసిపెట్టింది. ఏడ వెట్టినవే అంటె, నవ్వుతుంది గని చెప్తలేదు."