జుట్టు ఇచ్చిన సాక్ష్యం

మా ఆసుపత్రిలో ఆమెను అందరూ ‘వస్తున్నా సిస్టర్’ అనేవాళ్ళు. ఏ మంచం నుంచి ఎవరు పిలిచినా ముందు ఆ మాట వెళ్ళేది, వెనక ఆమె వెళ్ళేది. ఏళ్ళ తరబడి గొడ్డు చాకిరీ. ఎవరు సెలవు పెట్టినా ఆ డ్యూటీ కూడా ఆమె నెత్తినే పడేది. కాదనడం చేతకాని మనిషి దొరికితే ఎవరైనా వదులుతారా?

ఈ మధ్య ఆమెకు ఒక భయం పట్టుకుంది. బట్టలు మార్చుకునే గదిలో నాతో అంది: “మందిచ్చి అటు తిరిగేసరికి ఇచ్చానో లేదో గుర్తుండట్లేదే. ఏదో ఒకరోజు ఎవరి ప్రాణమో తీసేస్తాను. ఓపీలో వేయమని అడుగుతా. చీటీలు రాసుకుంటూ కూర్చుంటే చాలు.”

అడిగింది కూడా. “అలిసిపోయామని అందరూ అంటారమ్మా, జుట్టు పరీక్ష చేస్తారుగా, అందులో తేలనీ” అంది సూపరింటెండెంటు మేడమ్.

అప్పుడే ఆసుపత్రి పెద్దలకు మా నర్సుల మీద ప్రేమ పుట్టుకొచ్చింది మరి. ఒంటి మీద పని భారం పెరిగితే ఏదో హార్మోను ఎక్కువవుతుందట, అది జుట్టులో నిలిచిపోతుందట. ఎవరికి ఎక్కువ వస్తే వాళ్ళకు తేలిక పని ఇస్తామన్నారు. తల వెనక నుంచి తలా చిటికెడు వెంట్రుకలు కత్తిరించుకుపోయారు. “జడంతా పట్టుకెళ్ళండి సార్” అని నవ్వుతూ మెడ వంచింది ఆమె.

రిపోర్టు వచ్చింది. ఆసుపత్రి మొత్తానికి ఆమెదే తక్కువ. మేడమ్ అందరి ముందూ భుజం తట్టి, “చూసి నేర్చుకోండి, ఇనప మనిషి” అంది. ఎక్కువ వచ్చిన కొత్తమ్మాయి ఓపీకి వెళ్ళింది. ఆ అమ్మాయి చూసే ఐసీయూ మంచాలు కూడా ఈమెకే కలిపారు. బస్సు డ్రైవరు మొగుడైతే, “కష్టం లేదని మిషనే చెప్పిందిగా, ఇక నడుం నొప్పి కబుర్లు నాకు చెప్పకు” అన్నాడట. ఇది చెబుతూ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. దానికే నాకు ఎక్కువ భయమేసింది.

ఒక మధ్యాహ్నం, షుగరు పెరిగి చేరిన దర్జీకి ఇన్సులిన్ ఇచ్చింది. పక్క మంచం వాళ్ళు పిలిస్తే వెళ్ళొచ్చి, మళ్ళీ ఇచ్చింది. పక్కనే ఉన్న దర్జీ భార్య రెండో సూది చూసింది. సిస్టరుకు తెలియదా అని ఊరుకుందట. అతను నిద్రపోతున్నాడనుకున్నారు, షుగరు పడిపోయిందని ఎవరికీ తట్టలేదు. సాయంత్రానికి మనిషి లేడు.

విచారణకు నన్నూ సాక్షిగా పిలిచారు. “పని ఎక్కువై పొరపాటు చేశాను మేడమ్” అంది ఆమె. మేడమ్ రిపోర్టును ఆమె ముందుకు తోసింది. “నీ అంత హాయిగా ఉన్నవాళ్ళు ఇక్కడ ఇంకెవరూ లేరు. ఇది నిర్లక్ష్యం.” ఉద్యోగం ఊడింది. పోలీసు కేసు పడింది.

పరీక్ష చేసిన డాక్టరుగారు అంతసేపూ ఫోను చూసుకుంటూ కూర్చున్నారు. ఆమెకు తక్కువ ఎలా వచ్చిందని లిఫ్టు దగ్గర పట్టుకుని అడిగాను.

“ఆ హార్మోను మొదట పెరుగుతుందమ్మా. ఏళ్ళ తరబడి నలిగితే కొందరికి పడిపోతుంది. ఒళ్ళు ఇక చేతులెత్తేస్తుంది. ఆమెది అదే అయ్యుంటుంది.”

“ఆ మాట లోపల చెప్పలేదేం సార్?”

“నన్నెవరూ అడగలేదు” అని లిఫ్టెక్కారు. చెంప పగలగొట్టాలనిపించింది. నమస్కారం పెట్టి డ్యూటీకి వెళ్ళాను.

మర్నాడు ఐసీయూకు ఎవర్ని పంపాలా అని మేడమ్ అదే రిపోర్టు తిరగేసింది. ‘వస్తున్నా సిస్టర్’ తర్వాత అందరికన్నా తక్కువ వచ్చింది నాకేనట.