పిప్పిలో తీపి

నేను చూడగా మా తైమి వదిన చేసిన చివరి పని కూర్నా కడగడం. ఆస్పెన్ దుంగను తొలిచి చేసిన ఆ పొడవాటి తొట్టిని సరస్సు నీళ్లతో మూడుసార్లు కడిగి, ఆవిరి గది గోడకు బోర్లా ఆనించింది. తడి చేతులు గౌనుకు తుడుచుకుంటూ, "ఇక బయల్దేరు, బస్సు నీకోసం ఆగదు" అంది. నేను సాయంత్రం బస్సుకి లహ్తి పట్నం వెళ్లిపోయాను. మూడోనాడు పొద్దున వదిన నిద్ర లేవలేదు.

మా ఊరు సిస్మాలో పెళ్లికైనా క్రిస్మస్‌కైనా ఎవరి సహ్తి బీరు వాళ్లే చేసుకుంటారు. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని వేడినీళ్లలో విడతలు విడతలుగా నానబెట్టి, రై గడ్డీ జూనిపర్ పొద కొమ్మలూ పరిచిన కూర్నాలోకి ఎత్తిపోస్తారు. పైనుంచి వేడినీళ్లు పోస్తుంటే కింద బిరడా సందులోంచి తీపి రసం దిగుతుంది. అది పులిస్తే సహ్తి. వదిన బిరడాను ఒక్కసారే లాగేసేది. గంటన్నరలో అంతా అయిపోయేది.

నేను లహ్తిలో ఉంటూ అక్కడి బడిలో రసాయన శాస్త్రం చెప్పేదాన్ని. తీపిని కొలిచే గాజు గొట్టం ఒకటి నా సంచిలో ఉండేది.

"వదినా, వందలో అరవై పాళ్లే దిగింది. మిగతాదంతా పిప్పిలోనే ఉండిపోయింది."

"ఉండనీ. నీ సొమ్మేం పోయింది?"

"అంత బార్లా తీస్తే ఎట్లా? నీళ్లు పక్కల నుంచే జారిపోతున్నాయి. నడిమి గింజకు తడే తగలట్లేదు."

"మీ అమ్మా ఇట్లాగే తీసేది. ఆవిడకూ చెప్పావా ఈ లెక్కలు?"

"అమ్మో, అమ్మకా!"

"అదీ సంగతి. వదినంటే లోకువ."

ఏళ్ల తరబడి ఇదే గొడవ. ఆమె ఒక్కసారి నా మాట వింటే చాలనిపించేది నాకు.

పంతొమ్మిది వందల అరవై ఎనిమిదిలో వదిన వాళ్ల అమ్మాయి సైమికి నడివేసవి పండుగకు పెళ్లి పెట్టుకున్నారు. ఆ వసంతంలో చెమ్మకు మొలక బార్లీ సగం బూజు పట్టింది. వచ్చేది నూట ఇరవై మంది. పెళ్లిలో సహ్తి పల్చగా ఉంటే ఆ మాట మనవల దాకా పోతుంది. వదిన చివరికి, "సరే టీచరమ్మా, ఈసారి నీ ఇష్టం" అంది.

బిరడాను వెంట్రుకవాసి మాత్రమే కదిపాను. పిప్పి పైభాగం ఎండకుండా, వేడినీళ్లు గరిటెతో జూనిపర్ కొమ్మ మీదుగా చిలకరిస్తూ కూర్చున్నాం. రసం దారంలా దిగింది. ఆరు గంటలు పట్టింది.

మధ్యలో మా అన్నయ్య ఆల్పో తొంగిచూశాడు. "ఈలోపు నేను రెండో పెళ్లి చేసుకుని వచ్చేవాణ్ణి."

"చేసుకో. ఆ పెళ్లికి కూడా సహ్తి నేనే చేసిపెడతాను" అంది వదిన, గరిటె ఆపకుండా.

ఎనభై రెండు పాళ్లు దిగింది. గొట్టం చూపిస్తే వదిన కళ్లు చికిలించి చూసి, "గెలిచావులే" అంది.

వదిన కూర్నా కడిగి నన్ను బస్సుకి పంపింది ఆ సాయంత్రమే. ఆమె పోవడంతో పెళ్లి వాయిదా పడింది. సహ్తి అంతకాలం నిలవదు. అందుకని దాన్ని వదిన అంత్యక్రియల్లోనే పోశాం. తైమి చేతి సహ్తి ఇంత చిక్కగా ఎప్పుడూ తాగలేదన్నారు అందరూ. నేను తలవంచుకుని పోస్తూ ఉన్నాను.

తర్వాత ప్రతి శరదృతువులోనూ ఒంటరిగా చేశాను. ఎనభై నాలుగు పాళ్ల దాకా తెచ్చాను. ఒక ఏడాది కావాలనే బిరడా బార్లా లాగేశాను. అరవయ్యే వచ్చింది. కానీ పక్కన నిలబడి "ఉండనీ" అనే మనిషేది?

పోయినేడు వదిన వాళ్ల పక్కింటి హెల్వి, తొంభై ఏళ్ల ముసలామె, మాటల్లో రొట్టె సంగతి ఎత్తింది. కూర్నాలో మిగిలిన పిప్పిని రై పిండిలో కలిపి కాల్చే నల్ల రొట్టె మా ఊళ్లో అందరిళ్లలోనూ ఉండేదే. వదినది మాత్రం తియ్యగా ఉండేది. సహ్తి చేసిన మర్నాడే కాల్చి, బట్టలో చుట్టి, బస్సు డ్రైవరు చేతికిచ్చి లహ్తికి పంపేది. ఆ చివరిసారి రొట్టె రాలేదన్న సంగతి నాకు తట్టనే లేదు.

"తీపంతా కిందికి దిగిపోతే మా మరదలి రొట్టెకి ఏం మిగులుతుందే అనేది" అంది హెల్వి. "ఆ చివరిసారీ కాల్చింది. చప్పగా వచ్చిందని నీకు పంపడానికి మొహం చెల్లక, తెచ్చి నా గొర్రెలకు పెట్టింది."