మొసలి రాజు, నిప్పు గద్ద, నా తీర్పు

ఒకే ఒక్క తుమ్ముతో ఒక మొసలినీ ఒక గద్దనూ చంపి, వాటితో పాటు నా సాయంత్రాలన్నిటినీ సమాధి చేసుకున్న ఘనుణ్ణి నేను. అతిశయోక్తి అనుకోకండి. నేను విశ్వాసిని, అబద్ధం చెప్పను. కొంచెం పెంచి చెబుతానంతే. చిన్నప్పటి నుంచి ప్రసంగాలు విని పెరిగినవాళ్ళకు ఆ జబ్బు ఉంటుంది, క్షమించాలి.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. మాది కనిగిరి వైపు మెట్ట ఊరు. మా నాన్న చర్చిలో సంఘ పెద్ద కావడంతో మా ఇల్లు ఎప్పుడూ ఖాళీగా ఉండేది కాదు. ప్రార్థనకు వచ్చేవాళ్ళు కొందరు, ప్రార్థన అయిపోయినా వెళ్ళనివాళ్ళు ఇంకొందరు. అలాంటి ఇంట్లోంచి ఊడిపడి, పెదకాకాని దాటి లోపలికి వెళితే వచ్చే ఒక ఊళ్ళో, ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు మాస్టారుగా చేరాను. సెల్‌ఫోన్లు ఇంకా మిరపకాయల వ్యాపారుల చొక్కా జేబుల్లో మాత్రమే మోగుతున్న రోజులు. అలాంటి జేబున్న కోటయ్య గారింట్లో మేడ మీద గది అద్దెకు తీసుకున్నాను. కింద ఆయన గోడౌను. అంటే నేను ఏడాది పొడుగునా పోపు గిన్నె మీద కాపురం చేశానన్నమాట.

తెల్లవారి లేచి కళ్ళు మూసుకుని ప్రార్థనకు కూర్చుంటే ఘాటుకు ధారగా నీళ్ళు కారేవి. ఒకరోజు కోటయ్య గారు అద్దె కోసం వచ్చి గుమ్మంలోనే ఆగిపోయారు.

"అబ్బా, ఏం భక్తండీ మేస్టారూ మీది! కళ్ళంబడి నీళ్ళే!"

మిరపకాయలండీ అని చెప్పడానికి నోరు రాలేదు. ఆ ఊళ్ళో నా గురించి ఎవరైనా ఒక మంచి మాట అనడం అదే మొదలు.

ఊరివాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. "ఏం మేస్టారూ, భోంచేశారా?" అని అందరూ అడిగేవారు. జవాబు కోసం మాత్రం ఎవరూ ఆగేవారు కాదు. పత్తి తీతలు, మిరప కోతలు, కల్లాల కాపలాలు. మాస్టారు భోంచేశాడో లేదో తేల్చుకునే తీరిక ఎవరికుంది? ఆదివారం బస్సెక్కి గుంటూరు వెళ్ళి పెద్ద గుడిలో ఆరాధనలో కూర్చునేవాణ్ణి. "వందనాలు బ్రదర్, ఎక్కడి నుంచి?" అని చేయి కలిపేవారు. నేను "కనిగిరి దగ్గర..." అనేలోపు ఆ చేయి నా పక్కవాడి చేతిలో ఉండేది. తిరుగు బస్సులో కిటికీ ఊచలకు మా ఊరి సంగతులు చెప్పుకుంటూ వచ్చేవాణ్ణి. ఇడ్లీలు కట్టిచ్చిన పేపరు ముక్కను సాయంత్రం గట్టిగా చదివేవాణ్ణి, గదిలో ఒక మనిషి గొంతు వినిపిస్తుందని. ఆ గొంతు నాదే అయినా సరే.

అలాంటి ఒక సాయంత్రం మేడ మెట్లెక్కి ముగ్గురు పిల్లలు వచ్చారు. కోటయ్య గారి మనవరాలు సుజాత, మిరప రైతు కొడుకు శీను, ఎదురింటి టైలరు కొడుకు బాషా. ముగ్గురూ నా క్లాసులోనే చదువుతున్నారు. చేతుల్లో చిన్న చిన్న రంగుల కార్డులు ఉన్నాయి. రూపాయి బబుల్ గమ్‌తో ఒక కార్డు వచ్చేది ఆ రోజుల్లో. దాని మీద ఏదో ఒక భయంకరమైన జంతువు బొమ్మ, దాని కింద అది ఏం చేయగలదో రెండు లైన్ల ఇంగ్లీషు. ఇద్దరు చెరో కార్డు దించుతారు. ఓడిన కార్డు గెలిచినవాడిది. ఆట మొత్తం అంతే.

సుజాత ఒక ఎలుగుబంటి కార్డు చూపించింది. "సార్, ఇది ఒక వంతు నిద్రపోద్దంట. అంటే ఏంది సార్?"

ఆహా! దాహంతో ఉన్నవాడికి బావి దొరికింది. నేను ఆదివారపు బడిలో పదేళ్ళు పాఠం చెప్పినవాణ్ణి. వాక్యాన్ని విప్పేటప్పుడు ముందు సందర్భం చూడాలి, తర్వాత వాక్యాన్ని వాక్యంతో పోల్చాలి. అదే పద్ధతిలో ఎలుగుబంటిని అందుకున్నాను.

"నిద్ర అంటే ఏమిటమ్మా? గ్రంథంలో మరణానికి కూడా నిద్ర అనే పేరుంది. కనుక ఈ ఎలుగు కేవలం పడుకుంటుందా, లేక చనిపోయి తిరిగి లేస్తుందా అన్నది మొదటి ప్రశ్న. ఇక రెండోది..."

"సార్, నా వంతు వచ్చింది. దించేదా?" అన్నాడు బాషా.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. మాస్టారు మాత్రం గుక్కెడు అడిగితే చెరువుకే గండి కొడతాడు. ఎలుగుబంటి మీద అరగంట, రెండు తలల పాము మీద రెండు సాయంత్రాలు చెప్పాను. విచిత్రం, వాళ్ళు మర్నాడు కూడా వచ్చారు. ఆ మర్నాడూ వచ్చారు. స్కూలు వదిలిన దగ్గర్నుంచి మెట్ల మీద చెప్పుల చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని కూర్చునేవాణ్ణి. వాళ్ళు వచ్చే వేళకి మరమరాలు, బెల్లం ముక్కలు సిద్ధం చేసేవాణ్ణి. ఎవరో వస్తారని ఇల్లు ఊడవడంలో ఎంత సుఖముందో ఒంటరిగా ఉన్నవాళ్ళను అడగండి.

ఇక ప్రళయం సంగతికి వస్తున్నాను.

కింద గోడౌనులోకి కొత్త సరుకు దిగుతున్న రోజది. హమాలీలు బస్తాలు విసురుతుంటే ఎర్రటి దుమ్ము మేడ దాకా లేస్తోంది. దాన్ని చీల్చుకుంటూ శీను పరుగెత్తుకొచ్చాడు, వెనకే బాషా.

"సార్! వీడు నా మొసలిని లాక్కుంటున్నాడు సార్!"

"లాక్కోడమేంది? గెలిచా సార్! నా గద్ద ఎదురొచ్చిన దేన్నయినా ఓడిస్తది. చూడండి, రాసుంది."

"నా మొసల్ని ఏదీ ఓడించలేదని రాసుంది. కళ్ళు దొబ్బినయ్యేందిరా నీకు?"

"నీకే చదవటం రాదు, మొద్దు!"

కార్డులు తీసుకుని చూశాను. ఒకటి మొసలి రాజు, కిరీటంతో సహా. దీన్ని ఏ కార్డూ ఓడించలేదని రాసి ఉంది. రెండోది నిప్పు గద్ద. ఇది ఏ కార్డునైనా ఓడిస్తుందని రాసి ఉంది. రెండూ వాక్యాలే, రెండూ సత్యాలే, రెండూ ఒకదాని పీక ఒకటి పట్టుకుని ఉన్నాయి. ఆ కార్డులు అచ్చువేసిన మహానుభావుడు రెండింటినీ ఒకేసారి చదివి ఉండడు.

ఇక్కడ మీకొక నిజం చెప్పాలి. నన్ను వణికించింది ఆ రెండు లైన్లు కావు. శీను వైపు తీర్పు చెబితే బాషా అలిగి రావడం మానేస్తాడు. బాషా వైపు చెబితే శీను మానేస్తాడు. ఇద్దరిలో ఒకడు లేకపోతే ఆట లేదు, ఆట లేకపోతే సుజాత రాదు. మళ్ళీ నేనూ, ఇడ్లీ పేపరూ.

అందుకని ముందు నాన్చాను. "సందర్భం చూడాలి నాయనా. మొసలి నీళ్ళలో ఉందా, గట్టు మీద ఉందా?"

"కార్డు మీద ఉంది సార్," అంది సుజాత.

"ఇదొక మర్మం. కొన్ని సంగతులు మనకు ఇప్పుడు అర్థం కావు. కాలం వచ్చినప్పుడు బయలుపడతాయి."

"ఎప్పుడు సార్? నాకు ఆరింటికి ట్యూషనుంది," అన్నాడు శీను.

అప్పుడు తట్టింది ఆ మహా ఆలోచన. జ్ఞానానికి పేరుపడ్డ ఆ పాతకాలపు రాజు! ఒక బిడ్డ కోసం ఇద్దరు తల్లులు కొట్లాడుతుంటే, బిడ్డను నరికి చెరి సగం ఇమ్మన్నాడు. కన్నతల్లి గుండె తరుక్కుపోయి 'వద్దు, దానికే ఇచ్చెయ్యండి' అంది. తగవు తేలిపోయింది. నేను అలాగే చేస్తే పిల్లల్లో ఎవడిది నిజమైన ప్రేమో వాడే బయటపడతాడు, తీర్పు వాళ్ళే చెప్పుకున్నట్టవుతుంది, ఎవరూ అలగరు. లేచి నిలబడి, గొంతు సవరించుకుని ప్రకటించాను.

"కత్తెర తెండి. రెండు కార్డులూ సగానికి కోసి చెరో సగం ఇస్తాను."

నేను మరిచిపోయిన చిన్న విషయం ఒకటుంది. ఆ కథ నేనే క్లాసులో పోయిన వారం చెప్పాను. అభినయంతో సహా.

"వద్దు సార్! వాడికే ఇచ్చెయ్యండి!" అని అరిచాడు శీను.

"కాదు సార్! వాడికే! వాడికే ఇయ్యండి!" అని అంతకంటే గట్టిగా అరిచాడు బాషా.

"ఒరేయ్, నేను ముందన్నా!"

"నువ్వన్నది నాకు వినపళ్ళా! నేనే అమ్మని!"

"నేను అమ్మని!"

ఇద్దరు తల్లులూ జుట్టు పట్టుకున్నారు. సుజాత మాత్రం మరమరాలు నముల్తూ అడిగింది: "సార్, ఇద్దరూ అమ్మలే అయితే రాజుగారు ఏం చేసేవాడు?"

అది ఏ వ్యాఖ్యానంలోనూ లేదు. ఈలోపు బాషా ఎదురింట్లోకి పరుగెత్తి వాళ్ళ నాన్న కత్తెర తెచ్చి నా చేతిలో పెట్టాడు. మామూలు కత్తెర కాదది. కోటు గుడ్డను వెన్నలా కోసే సరుకు. చుట్టూ మూడు జతల కళ్ళు. రాజు వెనక్కి తగ్గితే రాజ్యం ఉంటుందా? రెండు కార్డులూ ఒకదాని మీద ఒకటి పెట్టి, కత్తెర అంచుల మధ్య ఉంచి, కనుబొమలు పైకెత్తి, ఇదిగో కోస్తున్నాను సుమా అన్నట్టు ఆగాను. ఆగడమే నా ఉద్దేశం, ప్రభువుకు తెలుసు.

కింద హమాలీ ఒక బస్తా ధబ్బుమని వేశాడు. ఎర్రదుమ్ము లేచింది.

"హా... హా... హాచ్!"

కచ్.

మొసలి రాజు కిరీటం ఒకవైపు, తోక ఒకవైపు పడ్డాయి. గద్ద సంగతి చెప్పనక్కర్లేదు, రెక్కకొక దిక్కు. పిల్లుల తగవు తీర్చిన కోతికి రొట్టె అయినా దక్కింది, ఈ కోతికి అదీ లేదు. శీను ముక్కల వైపు చూశాడు, నా వైపు చూశాడు. ఏడవలేదు. ఏడిస్తేనే బాగుండేది. బాషా కత్తెర తీసుకున్నాడు. ముగ్గురూ మెట్లు దిగి వెళ్ళిపోయారు.

మర్నాడు మరమరాలు మెత్తబడిపోయాయి. ఆ మర్నాడు నేనే తిన్నాను. స్కూల్లో ముగ్గురూ "గుడ్ మార్నింగ్ సార్" అని అందరితో పాటు పాడేవారు తప్ప కళ్ళు కలిపేవారు కాదు.

పోయిన కార్డులు తెచ్చిస్తే వస్తారని ఆశ పుట్టింది. వీధి చివర సుబ్బులు కొట్టుకు వెళ్ళి బబుల్ గమ్ కొనడం మొదలుపెట్టాను. నాలుగోసారికి ఆవిడ నవ్వాపుకోలేకపోయింది.

"ఏంది మేస్టారూ, కొత్త పళ్ళు మొలుస్తన్నయ్యా?"

దేవుడిచ్చిన ఆహారాన్ని పారేయకూడదని మా ఇంట్లో నేర్పారు. బబుల్ గమ్ ఆహారమా కాదా అన్నది నేను తేల్చుకోలేకపోయాను, అందువల్ల అన్నీ నమిలాను. దవడలు పట్టేసి, క్లాసులో పాఠం చెబుతుంటే పద్యం పాడుతున్నట్టుండేది. వచ్చిన కార్డులతో వరండాలో ఒక్కణ్ణే ఆడుకునేవాణ్ణి, ఎడమ చేతికీ కుడి చేతికీ పోటీ. ఎడమ చెయ్యి తొండి ఆడేది. కోప్పడదామంటే అదీ నాదే.

బబుల్ గమ్ కొండను నమలగా నమలగా చివరికి మొసలి బయటపడింది. గద్ద అంతకుముందే దొరికింది. రెండూ తీసుకుని వీధిలోకి పరుగెత్తాను. ముగ్గురూ టైలరు కొట్టు ముందు వంగి ఏదో ఆడుతున్నారు.

"ఒరేయ్ శీనూ! ఇదిగోరా నీ మొసలి!"

శీను తలెత్తి మర్యాదగా అందుకున్నాడు. "థాంక్స్ సార్. ఆ ఆట మానేశాం సార్. ఇప్పుడు బొంగరాలు."

"అలాగా," అన్నాను. ఏదో ఒకటి మాట్లాడాలి కదా, "మరి దీనికి రూల్స్ ఏమైనా ఉన్నాయా?" అని అడిగాను.

ముగ్గురూ బిగుసుకుపోయారు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి శీను, బాషా ఒకే మాట మీద నిలబడ్డారు.

"లేవు సార్! అస్సల్లేవు!"

సుజాతకు జాలేసినట్టుంది. దగ్గరికొచ్చి మెల్లిగా చెప్పింది. "సార్, ఆ రెండు కార్డులూ ఎదురైతే పక్కన పెట్టేసి మళ్ళీ ఆడతారు. అందరూ అంతే."

"మీకు ముందే తెలుసా? మరి నన్నెందుకు అడిగారమ్మా?"

"మా తాత చెప్పాడు సార్. మేస్టారు పాపం ఒక్కడే ఉంటన్నాడు, కళ్ళనీళ్ళు పెట్టుకుంటన్నాడు, రోజూ వెళ్ళి ఏదో ఒకటి అడుగుతుండండి అని. పెద్ద తగవు తెస్తే మీరు ఎక్కువసేపు సంతోషంగా ఉంటారని వీళ్ళిద్దరూ..."

చేతిలో మిగిలిన గద్దను బాషాకిచ్చి అడిగాను. "మరి రావడం ఎందుకు మానేశారు?"

"భయమేసింది సార్. మీరు నిజంగానే కోశారుగా."

"తుమ్మానమ్మా!"

"సరేలే సార్," అంది, పెద్దవాళ్ళు చిన్నపిల్లల్ని ఓదార్చే గొంతుతో. లోపలి నుంచి ఎవరో పిలిచారు. బొంగరాలు జేబుల్లో వేసుకుని ముగ్గురూ ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయారు. నేను కాసేపు ఆ కొట్టు ముందే నిలబడ్డాను.

కనుక చదువరులారా, ఆకాశం సాక్షిగా ఒట్టు పెట్టి చెబుతున్నాను అందామనుకున్నాను. కానీ ఒట్టు పెట్టుకోవద్దని, అవునంటే అవును, కాదంటే కాదు అన్నట్టు ఉండమని నాకు నేర్పారు. అందుకే ఒట్టు లేకుండానే నా నిర్ణయం వినండి. మొసలి గొప్పదా గద్ద గొప్పదా అని ఇకమీదట ఎవరు అడిగినా నా జవాబు 'కాదు'. తీర్పు చెప్పమంటే కాదు, అర్థం చెప్పమంటే కాదు, కత్తెర పట్టమంటే ముమ్మాటికీ కాదు.

ఆటలోకి వస్తారా అని అడిగితే మాత్రం, అవును.