చాపకి రెండో మనిషి

రెజీనా పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. వాకాడు పక్కన ఏటి ఒడ్డున తుంగ పెరిగే నేలంతా రొయ్యల గుంటలైపోయింది. చాపలు నేసే ఆడవాళ్ళు ఒకరి వెనక ఒకరు రొయ్యలు ఒలిచే కంపెనీ బస్సెక్కారు. రెజీనా మాత్రం మగ్గం విప్పలేదు. తుంగ దొరక్కపోతే పక్క మండలం నుంచి ఆటోలో తెప్పించింది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని జనం నవ్వితే, ఉలిపికట్టెనే, పొండి అంది.

అయితే మొండితనం ఒక్కటే ఉంటే చాప రాదు. తుంగ చాపకి ఇద్దరు మనుషులు కావాలి. పక్కన కూర్చుని పొడుగాటి పుల్లతో తుంగపోచ దూర్చేది ఒకరు. మగ్గం మీద పలకేసుకుని కూర్చుని, బరువైన చెక్క అచ్చుతో ఆ పోచని కొట్టి బిగించేది ఇంకొకరు. రెజీనా పోచ దూరుస్తుంది, ఆమెకంటే ఆరేళ్ళు పెద్దదైన చెంచమ్మ అచ్చు కొడుతుంది. ఇరవై రెండేళ్ళుగా అంతే.

ఆ చెంచమ్మ ఇప్పుడు కంపెనీలో పేరు రాయించుకుంది. రెండు వారాల తర్వాత వచ్చే సోమవారం నుంచి పని. రెజీనా జపాన్ ప్రయాణానికి సంచి సర్దుకుంటుంటే గుమ్మంలో నిలబడి ఒకే మాట అడిగింది. "చాప ఇద్దరం నేస్తే విమానం నీకొక్కదానికే వచ్చిందా మే?"

"ఒక్కరినే పంపిస్తామన్నారక్కా, నేనేం చేసేది?" అంది రెజీనా. అందులో సగమే నిజం.

జపాన్‌లో చేతిపనులు చూసి రావడానికి ఒకరిని ఎంచేందుకు నెల్లూరు చేతిపనుల సంఘం తరఫున జడ్సన్ గారు ఇంటికొచ్చి మగ్గం మీదున్న చాపని తడిమి చూసి, "ఇది నేసేది ఎవరమ్మా?" అని అడిగాడు. చెంచమ్మ అప్పుడే నీళ్ళు తాగడానికి లేచి వెళ్ళింది. "నేనే సార్" అంది రెజీనా. మేము అని ఉండాల్సింది. నాలుక మీదికి ఆ మాట రాలేదు.

జపాన్‌లో తీసుకెళ్ళిన ఆ ఊరి పేరు రెజీనాకి నోరు తిరగలేదు. కొండల మధ్య ఒకటే పొడుగాటి వీధి, రెండు వైపులా పొగచూరినట్టున్న చెక్క ఇళ్ళు. వందల ఏళ్ళ నాటివట. ఒక్కటీ కూల్చకుండా కళ్ళలో పెట్టుకుని చూసుకుంటున్నారు. కరెంటు తీగ కూడా బయటికి కనబడనివ్వలేదు.

మొదటి రోజు పొద్దున్నే ఆమె చేసిన పని చూసి బస ఇంటావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. లేవగానే చాప చుట్టి మూలన నిలబెట్టకపోతే ఇంటికి దరిద్రమని పెరిగిన మనిషి కదా, గదిలో చాప అంచు పట్టుకుని లేపబోయింది. అది కదిలితేనా! నేల మొత్తం చాపే. పరుపంత మందాన, గోడ నుంచి గోడ దాకా బిగించేశారు. రెజీనా మోకాళ్ళ మీద కూర్చుని అరచేత్తో దాన్ని నిమిరింది. చాపకి ఇంత మర్యాద ఉన్న ఊళ్ళో నాకు దొరక్కుండా పోయేదేముంది, చెంచమ్మక్కని ఆపే ఉపాయం ఒకటి పట్టుకునే పోతాను అనుకుంది.

అన్నం ముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుని తినబోతే, ఉప్పు రాసి నిప్పుల మీద కాల్చిన ఏటి చేప వచ్చింది. పులుసు లేదు, కారం లేదు. అయినా చేప తాజాదని ఒప్పుకుంది. చేప విషయంలో మన వైపు వాళ్ళు అబద్ధం ఆడరు.

మూడో రోజు చేతిపనులు చూపించే ఇంటికి తీసుకెళ్ళారు. అక్కడ నిలువుగా నిలబెట్టిన చాప మగ్గం, దాని ముందు ఎనభై దాటిన ముసలావిడ. పోచ దూర్చి, పుల్ల కింద పెట్టి, లేచి ఇటొచ్చి అచ్చు కొట్టి, మళ్ళీ అటెళ్ళి కూర్చుంటోంది. చూడ్డానికొచ్చినవాళ్ళు ఫోటోలు తీసుకుంటున్నారు. తోడు మనిషి కొడుకు దగ్గరికి వేరే ఊరు వెళ్ళిపోయి మూడేళ్ళయిందని అనువాదం చేసే ఆవిడ చెప్పింది. రోజుకి జానెడు కూడా సాగదట.

రెజీనా చూస్తూ ఊరుకోలేకపోయింది. ఎవరినీ అడక్కుండా వెళ్ళి అచ్చు పట్టుకుంది. ఇదెంత పని, ఇరవై రెండేళ్ళుగా కళ్ళెదుటే చూస్తున్నది కదా అని ఆమె ధైర్యం.

నాలుగు వరసలు నడిచాయి. ఎడమ పక్క వదులు, కుడి పక్క బిగువు, అంచు పాములా వంకర తిరిగింది. భుజం అప్పుడే సలుపుతోంది. ముసలావిడ నాలుగు వరసలూ విప్పేసి, రెజీనా మణికట్టు పట్టుకుని మెల్లగా ఏదో చెప్పింది.

"పోచ నేర్పితే ఎవరైనా దూరుస్తారట. చాప మాత్రం కొట్టే చేతిదేనట" అంది అనువాదం చేసే ఆవిడ.

రెజీనా సిగ్గుపడి అచ్చు కింద పెట్టేసింది. జనం తడిమి మెచ్చుకున్న ఆ నున్నటి చాపలన్నీ ఎవరి చేతివో ఇన్నేళ్ళకి తెలిసింది. తర్వాతి రోజుల్లో లక్కపూత గిన్నెలు చూపించారు, చెక్క దువ్వెనలు చూపించారు. ఆమె కంటికి ఏవీ ఆనలేదు.

శనివారం సాయంత్రం ఊళ్ళో దిగి, సంచి భుజం మీదుండగానే చెంచమ్మ ఇంటికి నడిచింది. చెంచమ్మ చేటలో బియ్యం చెరుగుతోంది.

"అక్కా, ఆ రోజు జడ్సన్ సారు ఎవరు నేసేదని అడిగితే నేనొక్కదాన్నే అని చెప్పినా. నీ పేరు ఎత్తలా. తప్పు చేసినా."

చెంచమ్మ చేట ఆపలేదు. "తెలుసు. తడిక అవతలే ఉండా. నీ నోటితో ఎప్పుడు చెప్తావా అని చూస్తా ఉండా."

రెజీనా ఫోన్ తీసి, స్పీకర్ పెట్టి, అక్కడికక్కడే జడ్సన్ గారికి చేసింది. చాప ఇద్దరిదనీ, తను అబద్ధం చెప్పాననీ చెప్పింది.

అవతల జడ్సన్ గారు నసిగాడు. "చేతిపనివాళ్ళ గుర్తింపు కార్డు నీ పేరు మీద వచ్చేసిందమ్మా. ఇప్పుడు కదిలిస్తే అసలుకే మోసం రావచ్చు."

"రానీండి సార్. రెండు పేర్లుంటేనే నాకు కార్డు. లేకుంటే నాదీ కొట్టేయండి."

ఫోన్ పెట్టేసేసరికి చెంచమ్మ చేతిలో చేట ఆగిపోయింది. "ఆడా చాప మగ్గం ఉండిందా? అచ్చు కొట్టినావా?" అంది.

"నాలుగు వరసలు. నాలుగూ ఇప్పేసిందక్కా ఆడ నేసే ముసలామె."

చెంచమ్మ నవ్వు దాచుకోవడానికి మొహం అటు తిప్పుకుంది. వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు.

ఆదివారం చర్చిలో రెజీనా చెవికి వాక్యం ఎక్కలేదు. సోమవారం తెల్లారగానే తుంగ తడిపి, పోచలు సరిచేసుకుని మగ్గం పక్కన కూర్చుంది. చెంచమ్మ రాకపోతే ఆమె తప్పేం లేదని మనసుకి చెప్పుకుంది, మనసు వినలేదు. కంపెనీ బస్సు వీధి మలుపులో ఆగి, ఎక్కేవాళ్ళని ఎక్కించుకుని వెళ్ళిపోయింది. ఆ దుమ్ములోంచి చెంచమ్మ వచ్చి, చెప్పులు విప్పి పలక మీద కూర్చుంది.

"కార్డులో నా పేరు ముందు రాయమను" అంది. "పెద్దదాన్ని."