ఎడమ వైపు నాది, కుడి వైపు ఆమెది

ఆగస్టు నెల రెండో మంగళవారం, పొద్దున పదకొండూ పది. గోడ గడియారం నా ఎదురుగానే ఉంది కాబట్టి టైము గట్టిగా చెప్పగలను. మార్కాపురంలో మా ఆమెకు రక్తం శుభ్రం చేసే మిషను దగ్గర కూర్చుని ఉండగా, ఎనిమిది నెలలుగా నేను చెబుతూ వచ్చిన ఒక అబద్ధం ఆ నిమిషాన బయటపడింది.

ముందు మా సంగతి చెప్పాలి. మేమిద్దరం పలకల పనివాళ్లం. బడి పిల్లలు రాసుకునే రాతి పలకలు. నేను రాయిని పొరలుగా చీల్చేవాణ్ణి. ఆమె దాన్ని కొయ్య చట్రంలో కూర్చేది. ఏ రాయి ఏ చట్రంలో పడుతుందో కొలత పెట్టకుండా కంటితోనే చెప్పేది. అన్ని పలకలు చేసీ ఇద్దరికీ ఒక్క అక్షరం రాదు. నలభై దాటాక మా చర్చిలో పెద్దవాళ్లకు చదువు చెబుతుంటే నేను పోయి నేర్చుకున్నాను. భక్తితో కాదు. పాటల పుస్తకం తలకిందులుగా పట్టుకున్నానని ఒకడు నవ్వాడు, ఆ కోపంతో.

"మీ ఆమెను కూడా తీసుకురా" అని పంతులమ్మ అడిగితే, "ఇంట్లో వంట ఎవరు చేస్తారు?" అన్నాను. పంతులమ్మ మళ్ళీ అడగలేదు. అప్పటి నుంచి మా ఇంట్లో చదివేవాణ్ణి నేను, వినేది ఆమె. మందుచీటీ, కరెంటు బిల్లు, బస్సు బోర్డు, ఏది కనబడినా "ఏం రాసిందయ్యా?" అని ఆమె అడగాలి, నేను చెప్పాలి. అట్లా అడిగించుకోవడం నాకు బాగుండేది. దాచడం దేనికి.

రెండేళ్ల కిందట ఆమె కిడ్నీలు పాడయ్యాయి. మంగళవారం, శుక్రవారం పొద్దున్నే బస్సెక్కి మార్కాపురం రావాలి. ఎడమ చేతికి రెండు లావు సూదులు గుచ్చుతారు. నాలుగు గంటలు ఆ చెయ్యి కదపకూడదు. కదిపితే మిషను కూస్తుంది, నర్సు వచ్చి తిడుతుంది.

పోయిన క్రిస్మస్ ముందు ఒక మంగళవారం, ఇంటికొచ్చి గుమ్మంలో చెప్పులు విప్పుతూ ఆమె అంది: "ఇంక చాలు. శుక్రవారం నుంచి నేను రాను."

"రాకపోతే ఏమైతాదో తెల్సా?"

"తెల్సు. డాక్టరు చెప్పేటప్పుడు నేనూ ఆడనే ఉన్నా కదా. నాలుగు గంటలు ఆ ఫ్యాను దిక్కు చూస్తా పండుకోవడం నా వల్ల కాదు. నువ్వు పేపరు చదువుకుంటావు. నేనేం చెయ్యాల?"

ఆమె ఏడ్చి ఉంటే ఏదో ఒకటి అనేవాణ్ణి. ఏడవలేదు.

మా కూతురి కూతురు ఇంటరు చదువుతోంది. అది చిన్నప్పుడు ఆడుకున్న గేమ్ డబ్బా వెతికి తెచ్చింది. అరచేతి కంటే కొంచెం పెద్దది, బూడిద రంగు, చిన్న తెర. ఆటలన్నీ దాని కడుపులోనే ఉంటాయి, వేరే ఏమీ పెట్టే పని లేదు. నాలుగు వందల ఆటలని అట్టపెట్టె మీద ఉంది. చాలావరకు అవే తిరిగి తిరిగి వస్తాయట. "అవ్వా, ఈ ఒక్క శుక్రవారం దీన్ని తీస్కపో. నచ్చకుంటే అప్పుడు మానెయ్" అని పిల్ల బతిమాలింది.

మేం ఆడింది ఒక్క ఆటే. పైనుంచి దిమ్మెలు పడుతుంటాయి. వాటిని తిప్పి, పక్కకు జరిపి, సందు లేకుండా పేర్చాలి. వరుస నిండితే మాయమైపోతుంది. సందులు మిగిలితే దిమ్మెలు పైదాకా పేరుకుని ఆట ఆగిపోతుంది.

చిక్కేమిటంటే దానికి రెండు చేతులు కావాలి. జరపడానికి ఎడమ బొటనవేలు, తిప్పడానికి కుడి బొటనవేలు. ఆమెకు మిగిలింది కుడి చెయ్యి ఒకటే. డబ్బాను ఆమె ఒళ్ళో దిండు మీద పెట్టి, స్టూలు మోకాళ్ల దగ్గరికి లాక్కుని ఎడమ వైపు నేను పట్టుకున్నాను.

"జరుపయ్యా, జరుపు! ఆ మూలకు!"

"ముందు నువ్వు తిప్పు."

"తిప్పినా. కండ్లు యాడ పెట్టినావు?"

"ఇది ఈడ పట్టదే."

"పడతాది. రాయి చీల్చేటోడివి, చట్రం సంగతి నీకేం తెల్సు?"

నిజమే. దిమ్మె సగం దిగకముందే అది ఎక్కడ కూర్చుంటుందో ఆమెకు తెలిసిపోయేది. నేను ఎప్పుడూ వెనకే.

ఆ మొదటి శుక్రవారం ఆట ఆగిపోయి తెర మీద ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి. "ఏం రాసిందయ్యా?" అంది. నాకు వచ్చింది తెలుగు ఒక్కటే. రాదని చెప్పడానికి నోరు రాలేదు. మీట నొక్కితే ఆట తిరిగి మొదలవడం పిల్ల దగ్గర చూశాను కాబట్టి, "మళ్ళీ ఆడమని రాసింది" అన్నాను.

"అట్లనా. అయితే నొక్కు."

ఇంటికి పోయి మనవరాలిని చాటుగా అడిగాను. ఆట అయిపోయిందని అర్థమట. ఆ మంచం మీద పడుకున్న మనిషికి ఆ మాట చదివి వినిపించడం నా వల్ల కాలేదు. మొదటి రోజు చెప్పింది ఊహ. ఆ తరువాత చెప్పిందంతా అబద్ధం. ఆట ఆగినప్పుడల్లా ఆమె అడిగేది, నేను అదే చెప్పేవాణ్ణి. ఆమె రావడం మానలేదు.

ఆ మంగళవారం పక్క మంచానికి కంభం నుంచి ఒక ఆటో అతను కొత్తగా వచ్చాడు. చిన్న వయసు. తోడు వాళ్ళమ్మ. సూదులు చూడటానికి భయపడి మా ఆటే చూస్తూ పడుకున్నాడు. మా ఆట ఆగింది.

"ఏం రాసిందయ్యా?"

"మళ్ళీ ఆడమని రాసింది."

"కాదు తాతా," అన్నాడు అతను. "గేమ్ ఓవర్ అని ఉండాది. అయిపోయింది అని."

వాళ్ళమ్మ అతని కాలు గిల్లింది. నేను గడియారం వైపు చూశాను. ఆమె ముఖం చూడలేక.

"నాకు తెల్సులే నాయనా" అంది మా ఆమె అతనితో.

"ఎప్పటి నుంచి తెల్సు?" అన్నాను.

"మొదటి వారమే. తాత చెప్పింది నిజమేనా అని పిల్లను అడిగినా."

"మరి ఇన్నాళ్లూ ఎందుకు అడుగుతా వచ్చినావు?"

ఆమె తెర మీద నుంచి కళ్ళు తీయలేదు. "నువ్వేం చెప్తావో అని. ఏదో ఒకనాడు విసుగొచ్చి, అయిపోయింది అంటావు. అన్ననాడు మానేద్దామనుకున్నా. నువ్వేమో అనకపోతివి."

ఎనిమిది నెలలు ఆమె నా నోటి మాట మీద బస్సెక్కిందని నాకు తెలియదు. విసుగొచ్చిన రోజులు ఉన్నాయి. మే నెల ఎండలో బస్సులో నిలబడి వచ్చిన రోజు ఆ మాట పెదాల దాకా వచ్చింది. ఎందుకు ఆగిందో చెప్పలేను. మంచితనంతో ఆగిందని మాత్రం రాయను.

"సరే, అవి ఏ అక్షరాలో చూపియ్యి. నేనూ చదువుకుంటా" అంది.

"నాకు రావు."

"ఏంది?"

"ఇంగ్లీషు నాకు రాదు. ఒక్క అక్షరం కూడా."

ఆమెకు నవ్వు ఆగలేదు. "ఓయమ్మా, మా ఇంట్లో ఇంత చదువుకున్నోడు!" అని నవ్వుతూ ఎడమ చెయ్యి కదిపింది. మిషను కూసింది. నర్సు పరుగెత్తుకొచ్చి, "అవ్వా, నవ్వాలంటే ఇంటికి పోయి నవ్వుకో!" అని తిట్టి, సూదులు సరిచూసి పోయింది.

ఆటో అతను తన ఖాళీ చేత్తో గాలిలో మొదటి అక్షరం రాసి చూపించాడు. చెవికమ్మ లాగా ఉందని ఆమె అంది. రెండోది నిచ్చెన లాగా ఉందన్నాను నేను. ఇద్దరం ఒకేసారి నేర్చుకున్నాం. ఆమెకు ముందు వచ్చింది.

"నొక్కు మరి" అంది ఆమె. "ఇంకా గంటన్నర ఉండాది."

నొక్కాను.

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్లు: మా ఆమె, నేను, కంభం ఆటో అతను, అతని కాలు గిల్లిన వాళ్ళమ్మ, తిట్టిన నర్సు. కిటికీ పక్క మంచం మీద త్రిపురాంతకం టీచరమ్మ కూడా ఉంది, ఈ గొడవంతా జరుగుతున్నా నిద్ర లేవలేదు. మనవరాలు కాలేజీలో ఉంది. మా ఇద్దరి గుట్టూ ఎనిమిది నెలలు కడుపులో పెట్టుకుంది కాబట్టి, దాన్ని కూడా ఉన్నట్టే రాస్తున్నాను.